పక్క సీటు మీద కర్చీఫ్

ఏడూ నలభై

ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు భావనారాయణ బెంజ్ సర్కిల్ దగ్గర మా కాలేజీ బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. చేతిలో టిఫిన్ క్యారియర్, ఒళ్ళో కొత్త సంచి. లెక్చరర్‌గా అతనికి అది మొదటి రోజు. బస్సులో అప్పటికే సగం మందిమి ఉన్నాం. ఎవరమూ ఏమీ అనలేదు.

ఆ సీటు ఏ.ఓ. గారిది. కాలేజీ ఆఫీసు వ్యవహారాలన్నీ ఆయనవే. పేరు కోటేశ్వరరావు. కాలేజీ పెట్టిన కరస్పాండెంట్ గారికి చెల్లెలి భర్త. కరస్పాండెంట్ గారు ఆయన్ని బావగారూ అని పిలిచేవారు కాబట్టి మేమూ చాటుగా బావగారనే అనుకునేవాళ్ళం. కొన్నాళ్ళకు ఎదురుగానూ అనేశాం. ఆయన కాదనలేదు. ఊరందరికీ బావ కావడం ఆయనకు ఇష్టమేననుకుంటాను.

బావగారు రామవరప్పాడు దగ్గర ఎక్కారు. తన సీట్లో కొత్త మనిషి కనిపించాడు. భావనారాయణ వెంటనే సర్దుకుని, "రండి బాబాయ్ గారూ, ఇక్కడ చోటుంది" అన్నాడు.

నిజంగానే చోటుంది. అది ఇద్దరు కూర్చునే సీటు. బావగారు ఆ చోటు వైపు చూశారు. తర్వాత మా వైపు చూశారు. మేమంతా కిటికీల్లోంచి బయటికి చూశాం. ఆ రోజు ప్రసాదంపాడులో చూడవలసింది ఏమీ లేదు. ఆయన పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

నిడమానూరు దగ్గర భావనారాయణ మళ్ళీ అన్నాడు. "కూర్చోండి బాబాయ్ గారూ, కాళ్ళు లాగుతాయి."

"ఫర్లేదు."

గూడవల్లి దాటింది, కేసరపల్లి దాటింది. గన్నవరం పక్కనున్న మా కాలేజీ గేటు దాకా ఆ పెద్దమనిషి ఖాళీ చోటు పక్కన నిలబడే వచ్చారు.

నేను చెప్పిన సబ్జెక్టు

తొంభైల మొదట్లో, మొన్నటిదాకా వరి పండిన చేలో కట్టిన ఆ ఎంబీఏ కాలేజీలో చేరి, రెండు వేల పదికి కొంచెం ముందు రిటైరయ్యాను. ఆర్గనైజేషనల్ బిహేవియర్ చెప్పేదాన్ని. పిల్లలు ఓబీ అనేవాళ్ళు, నన్ను ఓబీ మేడం అనేవాళ్ళు. ఏమిటా సబ్జెక్టు అని మా అత్తగారు అడిగితే, నలుగురు కలిసి పనిచేసే చోట మనుషులు ఎలా ప్రవర్తిస్తారో చెప్పే సబ్జెక్టు అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అది చెప్పడానికి జీతం కూడా ఇస్తారా?" అన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ ప్రశ్నకు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఈమధ్య కొత్తగా ఈ సబ్జెక్టు చెప్పబోయే పిల్లలు ఇంటికి వస్తున్నారు. ఏ పుస్తకం చదవాలి, ఏ పత్రికకు వ్యాసం పంపాలి అని అడుగుతున్నారు. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ బస్సు గురించి చెబుతాను. క్లాసులో బోర్డు మీద సంస్థ నిర్మాణం అని గీసేదాన్ని. పైన ఒక డబ్బా, కింద మూడు డబ్బాలు, వాటి కింద ఇంకొన్ని. రోజూ పొద్దున్నే నేను ఎక్కి వచ్చే బస్సులో అసలు బొమ్మ వేరే ఉండేది. అది ఎవరూ గీయలేదు కాబట్టి ఎవరూ తుడవలేకపోయారు.

ఆ బొమ్మ ఇలా ఉండేది. ప్రిన్సిపాల్ గారు కారులో వచ్చేవారు, కాబట్టి బస్సులో పెద్ద బావగారే. డ్రైవరు వెనక సీటు ఆయనది, పక్కన ఎవరూ కూర్చోరు. ఆయన వెనక సీట్లో కిటికీ పక్కన మా డిపార్ట్‌మెంట్ హెడ్డు మస్తాన్‌వలీ గారు. ఎడమ వైపు ముందు వరసలు ఆడవాళ్ళవి. నాది రెండో వరస, నడవ పక్కన. మధ్యలో లెక్చరర్లు, వెనక ల్యాబు వాళ్ళు, ఆఫీసు వాళ్ళు, ఆఖరి వరసలో అటెండర్లు. ఎవరినడిగినా, "అబ్బే, ఎక్కడ కూర్చుంటే ఏముందండీ, అందరం ఒకటేగా" అనేవాళ్ళు. అలా అంటూనే ఎవరి సీట్లో వాళ్ళు కూర్చునేవాళ్ళు.

భావనారాయణకు ఆ సంగతి ఎవరూ ఎందుకు చెప్పలేదంటే, చెప్తే ఆ సీటు ఆయనదని ఒప్పుకున్నట్టవుతుంది. అందరం ఒకటే అన్న మాట అబద్ధమైపోతుంది. అంత మర్యాదస్థులం మేము.

సర్క్యులర్

మర్నాడు ల్యాబు అసిస్టెంటు ఒకతను భావనారాయణ చెవిలో సంగతి ఊదాడు. అతను హడలిపోయి ఆఖరి వరసకు వెళ్ళి అటెండర్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. డ్రైవరు వెనక సీటు ఖాళీ అయింది. కథ అక్కడితో అయిపోవాలి.

బావగారు ఎక్కారు. ఖాళీ సీటు చూశారు. నిలబడ్డారు.

ఆ మర్నాడూ అంతే. ఇప్పుడు కూర్చుంటే, నిన్న నిలబడింది సీటు కోసమేనని ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన సీటు మనిషి కాదని మాకు చూపించాలి. మేమేమో ఆయన్ని చూడనట్టు కూర్చోవాలి. పెద్ద సీటు ఖాళీగా, పెద్ద మనిషి నిలబడి, మిగతా అందరూ కూర్చుని రోజూ గన్నవరం చేరేవాళ్ళం. దారిలో చూసిన వాళ్ళు ఆయన్ని కండక్టరనుకుని ఉంటారు.

ఇది ప్రిన్సిపాల్ గారి దాకా వెళ్ళింది. ఆయన మంచివారు. ఏ విషయమైనా టైపు చేయించి నోటీసు బోర్డులో పెడితే అది జరిగిపోయినట్టేనని నమ్మేవారు. సంగతి విన్న మూడో రోజుకల్లా సర్క్యులర్ వచ్చింది. కాలేజీ బస్సులో ఏ సీటూ ఎవరికీ ప్రత్యేకించబడలేదు, సిబ్బంది ఎక్కడైనా కూర్చోవచ్చును.

మర్నాడు బస్సెక్కి చూస్తే ముందు రెండు వరసలూ ఖాళీ. ఎక్కడైనా కూర్చోవచ్చని రాశాక, ముందు కూర్చున్నవాడు కావాలని కూర్చున్నట్టే కదా. వెనకాల ఇద్దరి సీట్లో ముగ్గురు, ముగ్గురి సీట్లో నలుగురు. ఇద్దరు లెక్చరర్లు మెట్ల మీద కూర్చున్నారు. మస్తాన్‌వలీ గారు మాత్రం తన సీట్లో తను కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నేను కాసేపు తటపటాయించి నా చోట నేను కూర్చున్నాను.

"ధైర్యస్థురాలే" అన్నారాయన పేపర్లోంచి.

"మీరున్నారుగా."

"నేనా? నేను సర్క్యులర్లు చదవను మేడం గారూ. కళ్ళజోడు మార్చాలి."

కొత్తగా వచ్చే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. రాతలో లేని నియమాన్ని రాతపూర్వకంగా రద్దు చెయ్యకండి. అది రద్దవదు, బలుస్తుంది.

చూద్దాం

నెలలు గడిచాయి, బావగారు కమ్మీ వదల్లేదు. నవ్వుకోవడానికి బాగానే ఉండేది, భావనారాయణ సంగతి గుర్తొచ్చేదాకా.

అతనిది పెడన. నేత కుటుంబం. తండ్రి, ఇద్దరు అన్నలు మగ్గాల మీదే. ఇతనొక్కడే కాలేజీ చదువు చదివి, బందరులో బట్టల దుకాణంలో లెక్కలు రాస్తూ ప్రైవేటుగా ఎంకామూ, ఆ తర్వాత ఎంబీఏ చేశాడు. మా కాలేజీలో ఉద్యోగం ఒక్క ఏడాదికే ఇచ్చారు. నచ్చితే జూన్‌లో పొడిగిస్తారు. పొడిగింపు ఫైలు ప్రిన్సిపాల్ గారు పంపుతారు, కరస్పాండెంట్ గారు సంతకం పెడతారు. మధ్యలో బావగారు ఉంటారు. ఆయన టేబులు దాటకపోతే ఫైలు ఎక్కడికీ పోదు.

అతను పాఠం బాగా చెప్పేవాడు. మొదట్లో కొంచెం తడబాటు, తర్వాత పిల్లలు అతని క్లాసు వదిలేవాళ్ళు కాదు. కానీ ఏప్రిల్‌లో మస్తాన్‌వలీ గారు పొడిగింపుల మాట ఎత్తితే, బావగారు మిగతా ఇద్దరి పేర్లకూ సరేనన్నారట. భావనారాయణ పేరు వచ్చేసరికి, "చూద్దాం" అన్నారట.

ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఆ మాట అర్థం తెలుసు. కాదంటే ఎందుకని అడగొచ్చు. చూద్దాం అంటే అడగడానికి కూడా ఏమీ ఉండదు.

భావనారాయణకూ తెలిసింది. మధ్యాహ్నం స్టాఫ్ రూములో నా ఎదురుగా క్యారియర్ విప్పుకుంటూ, "వెనక్కి పోదామన్నా కుదరదు మేడం" అన్నాడు. "షాపులో నా పని తమ్ముడికి ఇప్పించాను. ఇంట్లో నా మగ్గం మీద వదినగారు నేస్తున్నారు. ఇక్కడ ఒక సీటు చూసుకోకుండా కూర్చున్నానని, ఎక్కడా కూర్చోడానికి లేకుండా పోయింది."

నవ్వుతూనే అన్నాడు. అన్నం మాత్రం సగం వదిలేశాడు.

ఆ సాయంత్రం నేను మస్తాన్‌వలీ గారిని పట్టుకున్నాను. "మీరు సరాసరి కరస్పాండెంట్ గారితో మాట్లాడండి. మీ మాట కాదనరు."

"కాదనరు. కుర్రాడి ఉద్యోగం ఉంటుంది" అన్నారాయన. "బావగారు నిలబడే ఉంటారు. తన తల మీంచి ఫైలు పోయిందని ఇంకొంచెం నిటారుగా నిలబడతారు. వచ్చే జూన్‌లో మళ్ళీ మీరూ నేనూ ఇక్కడే ఇలాగే మాట్లాడుకుంటాం."

"అయితే ఏం చేద్దాం?"

"నిలబడ్డ మనిషిని ముందు కూర్చోబెట్టాలి కదా మేడం గారూ."

గళ్ళ కర్చీఫ్

మస్తాన్‌వలీ గారి నాన్నగారికి ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే షాపు ఉండేది. ఆయన చదువుకునే రోజుల్లో సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఇండస్ట్రియల్ రిలేషన్స్ పాఠం మొదలుపెట్టే రోజున పిల్లలకు ఒక మాట చెప్పేవారు. "లారీలో డ్రైవరు సీటు కోసం ఎవరూ కొట్టుకోరు. దాని సంగతి అందరికీ తెలుసు. తగాదాలన్నీ పక్క సీటు గురించే. అక్కడ ఎవరు కూర్చోవాలో ఎక్కడా రాసి ఉండదు."

ఆయన దగ్గర పెద్ద గళ్ళ కర్చీఫ్ ఒకటి ఉండేది. అంచు చిరిగితే నాన్నగారి షాపులో, రెగ్జిన్ కుట్టే లావుపాటి నల్లదారంతో కుట్టించుకున్నారు. అందుకని బస్సులో ఎక్కడున్నా అది ఆయనదని తెలిసిపోయేది. డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికి మాటలు లేకపోయినా, ఎవరైనా ముఖం మాడ్చుకుని తిరుగుతున్నా, మర్నాడు పొద్దున ఆయన పక్క సీటు మీద ఆ కర్చీఫ్ పరిచి ఉండేది. ఎవరికోసమో ఆ మనిషి ఎక్కగానే కర్చీఫ్ తీసి జేబులో పెట్టుకునేవారు. ఆర్టీసీ బస్సుల్లో కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టుకునే అలవాటు మనవాళ్ళందరికీ ఉంది. అది తన కోసం పట్టుకోవడం. ఈయన ఎదుటివాళ్ళ కోసం పట్టేవారు. మాతో, అంటే ఆడవాళ్ళతో మాట్లాడాలంటే తన వెనక సీటు మీద వేసేవారు. నాకూ రెండు మూడు సార్లు పడింది. ఎందుకో ఇప్పుడు చెప్పను.

పిలిపించుకుని గదిలో మాట్లాడితే అది విచారణ. బస్సులో పక్కన కూర్చోబెట్టుకుంటే అది ప్రయాణం. ఎదురెదురుగా చూసుకోనక్కర్లేదు, గన్నవరం వచ్చేసరికి మాట ఆగిపోతుంది, మళ్ళీ రేపు ఉంటుంది. ఇదంతా నా మాట. ఆయన్ని అడిగితే, "గాలి బాగా వస్తుందండీ ఆ సీట్లోకి" అనేవారు.

ఏప్రిల్ నెలలో ఒక రోజు కర్చీఫ్ పడింది. బావగారు రామవరప్పాడులో ఎక్కి, అలవాటు ప్రకారం కమ్మీ అందుకున్నారు.

"బావగారూ, ఇది మీకే" అన్నారు మస్తాన్‌వలీ గారు కర్చీఫ్ తీస్తూ.

"ఎందుకులెండి. నిలబడ్డం అలవాటైపోయింది."

"మీకు అలవాటైంది, మాకు కాలేదండీ. ముందునుంచి వచ్చే గాలంతా మీరొక్కరే పీల్చేస్తున్నారు. వెనక మేం ఉడికిపోతున్నాం."

బావగారు మీసం దువ్వుకున్నారు. నవ్వొస్తే ఆయన చేసే పని అది. కూర్చున్నారు.

ఆ రోజు వాళ్ళు మాట్లాడుకున్నది మామిడికాయల గురించి. నూజివీడు వైపు ఈ ఏడు రసాలు ఎలా కాశాయట అని ఈయన అడిగారు. మీకు షుగరు కదా అని ఆయన అన్నారు. అడగడానికి కూడా షుగరేమిటండీ అని ఈయన. మర్నాడు మోకాళ్ళ నొప్పులు. ఆ మర్నాడు మళ్ళీ మామిడికాయలు, ఈసారి బంగినపల్లి. నడవకు ఇవతల కూర్చుని నేనన్నీ విన్నాను. భావనారాయణ పేరు ఒక్కసారి కూడా రాలేదు.

వారం చూసి స్టాఫ్ రూములో అడిగేశాను. "మీరు పళ్ళ వ్యాపారం పెడుతున్నారా? జూన్ దగ్గరకొచ్చేసింది."

"మామిడికాయలూ జూన్‌కే అయిపోతాయి కదా. చూద్దాం."

"ఆ మాట మీరు కూడా అనకండి."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. అప్పటికి ఆయన ఏం చేస్తున్నారో నాకు తెలియదు. తెలిసినట్టు ఇప్పుడు రాస్తే అబద్ధం.

ఆయన రాని రోజు

ఒక పొద్దున బెంజ్ సర్కిల్ దగ్గర మస్తాన్‌వలీ గారు లేరు. భావనారాయణ బస్సెక్కాడు. రెండు చేతులతో ఆ గళ్ళ కర్చీఫ్ పట్టుకుని ఉన్నాడు, గుడి నుంచి ప్రసాదం తెస్తున్నట్టు.

"ఏమిటిది?" అన్నాను.

"నిన్న సాయంత్రం సారు ఇచ్చారు మేడం. రేపు నేను రాను, నువ్వెళ్ళి నా సీట్లో కూర్చో, ఇది పక్కన వెయ్యి అన్నారు."

"ఎవరికోసమో చెప్పారా?"

"చెప్పలేదండి. అడిగితే, ఎవరిదో వాళ్ళకే తెలుస్తుందిలే అన్నారు." ఎవరిదో అతనికీ తెలుసు. "కూర్చోమంటారా మేడం? ఒకసారి కూర్చున్నందుకే ఇంతయింది."

"మీ హెడ్డు చెప్పారుగా, కూర్చో."

కూర్చున్నాడు. కర్చీఫ్ పరిచి, ముడత లేకుండా నాలుగు వైపులా లాగాడు. రామవరప్పాడు వచ్చేదాకా దాన్ని సర్దుతూనే ఉన్నాడు.

బావగారు ఎక్కారు. కర్చీఫ్ చూశారు, దాని పక్కన ఎవరున్నారో చూశారు. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూస్తూ గేరు వెయ్యడం మర్చిపోయాడు.

"మస్తాన్‌వలీ గారేరి?"

"రాలేదండి. ఇది ఇక్కడ వెయ్యమన్నారండి."

కూర్చోకపోతే భావనారాయణను కాదన్నట్టు కాదు, మస్తాన్‌వలీ గారిని కాదన్నట్టు. బావగారికి అది తెలుసు. కర్చీఫ్ తీసి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎనికెపాడు దాటాక బావగారే అడిగారు.

"మీది పెడనా?"

"అవునండి."

"అందర్నీ సార్ అంటావు కదా. నన్ను బాబాయ్ అన్నావేం?"

"బాబాయ్ గారూ అన్నానండి."

వెనక ఎవరికో దగ్గొచ్చింది.

"అదే. ఎందుకన్నావు?"

"మా బాబాయ్ ఒకాయన మీలాగే ఉంటారండి. చూడగానే నోటికొచ్చేసింది."

"నాలాగే అంటే? లావుగానా?"

"కాదండి. ఎవరింటికెళ్ళినా కూర్చోమంటే కూర్చోరండి."

నేను నా చేతిసంచి గట్టిగా పట్టుకున్నాను. ఇక ఇతని ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. బావగారి చెయ్యి మీసం మీదికి వెళ్ళింది.

"ఎందుకు కూర్చోడట?"

"తెలీదండి. అడిగేంత చనువు లేదండి."

"నేను చెప్తా విను" అన్నారు బావగారు. గొంతు తగ్గించలేదు. "ఆ రోజు నువ్వు జరిగి చోటిచ్చావు. నేను కూర్చుంటే, నా సీటు నువ్వు నాకిచ్చినట్టయ్యేది. అలా ఎలా కూర్చుంటాను?"

"తప్పేనండి. నాకు తెలీదండి."

"నీకు తెలీదయ్యా. వీళ్ళందరికీ తెలుసు." తల తిప్పలేదు గానీ భుజం మీంచి చేత్తో వెనక్కి చూపించారు. "ఒక్కరైనా నీకు చెప్పారా? ఒక్కరైనా లేచి, బావగారూ కూర్చోండి అన్నారా? కూర్చోమన్నది నువ్వొక్కడివే. నువ్వంటే కూర్చోలేను. అనాల్సినవాళ్ళు అనలేదు. చివరికి ప్రిన్సిపాల్ గారొక కాగితం పెట్టించారు, సీట్లు ఎవరివీ కావని. మోకాళ్ళు నావి కదా."

భావనారాయణ, "ఇప్పుడెలా ఉన్నాయండి?" అన్నాడు.

"ఏవి?"

"మోకాళ్ళండి."

"ఉన్నాయిలే" అన్నారు బావగారు.

నేను కిటికీలోంచి చూశాను. గన్నవరంలో దిగే విమానం ఒక్కటైనా కనిపిస్తే బాగుండుననిపించింది. కనిపించలేదు. హోదా గురించి, అవమానం గురించి, గుంపు మౌనం గురించి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినదాన్ని. ఆ మౌనంలో నేను రెండో వరసలో కూర్చుని ఉన్నానని నాకు ఆ పొద్దున గానీ తట్టలేదు.

కాలేజీలో దిగేసరికి మస్తాన్‌వలీ గారు గేటు దగ్గర టీ తాగుతున్నారు.

"ఒంట్లో ఎలా ఉంది?" అన్నాను.

"దివ్యంగా ఉంది. ఆర్టీసీ బస్సులో వచ్చాను. నిలబడే" అన్నారు.

జూన్

మర్నాడు బావగారు బస్సెక్కగానే మస్తాన్‌వలీ గారు లేచి నిలబడ్డారు. "బావగారూ, మీ సీటు దుమ్ము కొట్టుకుపోతోంది. కూర్చోండి" అన్నారు. ఆయన వెనక నేనూ లేచాను. తర్వాత బస్సంతా లేచింది. బావగారు, "ఏమిటీ నాటకం, కూర్చోండి కూర్చోండి" అని విసుక్కుంటూ వెళ్ళి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు. ప్రసాదంపాడు దాటాక వెనక్కి తిరిగి ఆఖరి వరస వైపు కేకేశారు. "ఏమయ్యా, పెడనా. అక్కడ ఇరుక్కుని ఏం చేస్తున్నావు? ఇక్కడ చోటుంది."

చోటివ్వడం ఆయన వంతు. ఇచ్చారు.

జూన్‌లో పొడిగింపు ఉత్తర్వు భావనారాయణకు ఆఫీసు నుంచి రాలేదు. బస్సులో బావగారే ఇచ్చారు.

"మూడేళ్ళకు రాయించాను" అన్నారు. "ఏటేటా నీ గురించి చూద్దాం అనలేను."

"థాంక్సండి, బాబాయ్ గారూ."

"కాలేజీలో సార్ అను."

ఆ కాగితం అతను గన్నవరం వచ్చేదాకా మడవలేదు.

ఇందులో ఎవరు మంచివాళ్ళు, ఎవరు చెడ్డవాళ్ళు అని నన్ను అడగకండి. బావగారు ఒక సీటు కోసం ఒక కుర్రాడి బతుకు ఆపగలిగిన మనిషి. అది చిన్న విషయం కాదు, మోకాళ్ళ నొప్పితో మాఫీ అయ్యేదీ కాదు. కానీ ఆయన్ని ఆ స్థితిలో నిలబెట్టి, కిటికీలోంచి బయటికి చూసింది మేము. మీరు రేపు ఏ సంస్థకెళ్ళినా అక్కడ నిలబడి ఉన్నవాడు ఒకడుంటాడు. అతను ఎందుకు కూర్చోవడం లేదో కనుక్కోవడమే మన సబ్జెక్టు. మిగతాదంతా పరీక్ష కోసం.

తర్వాత

కొన్నేళ్ళకు, ఇంకా సర్వీసులో ఉండగానే, మస్తాన్‌వలీ గారు పోయారు. గుండె. ముందురోజు సాయంత్రం కూడా మాతో బస్సులోనే వచ్చి బెంజ్ సర్కిల్‌లో దిగారు. రేపటి ఇన్విజిలేషన్ గురించి ఏదో అని దిగిపోయారు. ఏమన్నారో గుర్తు లేదు. గుర్తుంచుకోవాలని అప్పుడు తెలియదు.

సంతాప సభలో చాలామంది మాట్లాడారు. నన్ను మాట్లాడమంటే రాదన్నాను.

సెలవు తర్వాత మొదటి రోజు బస్సులో ఆయన సీట్లో ఎవరూ కూర్చోలేదు. రామవరప్పాడులో బావగారు ఎక్కారు. తన సీటు దాటి వచ్చి, మస్తాన్‌వలీ గారి సీటు పక్కన, నడవ వైపు కూర్చున్నారు. జేబులోంచి తన కర్చీఫ్ తీశారు. ముఖం తుడుచుకుంటారనుకున్నాను. దాన్ని కిటికీ పక్క సీటు మీద పరిచి, గన్నవరం దాకా అలాగే కూర్చున్నారు. ఎవరూ బయటికి చూడలేదు.

ఆ తర్వాత భావనారాయణ హెడ్డయ్యాడు. చాలా ఏళ్ళు అతనూ పక్క సీటు మీద కర్చీఫ్ వేసేవాడు. బావగారు రిటైరై నూజివీడు వైపు మామిడి తోట కొనుక్కున్నారు. నేను రిటైరయ్యాను. పాత బస్సు తీసేసి కొత్త బస్సులు కొన్నారు. భావనారాయణ కారు కొన్నాడు.

మొన్న ఫోన్ చేశాడు. డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు లెక్చరర్లకు నెల రోజులుగా మాటల్లేవట. ఇద్దరికీ మెయిల్ పెట్టాడట, ఇద్దరూ ప్రిన్సిపాల్‌కి కాపీ పెట్టి జవాబిచ్చారట.

"ఏం చెయ్యమంటారు మేడం?"

"కారు ఇంట్లో పెట్టి బస్సెక్కు."

"ఎక్కొచ్చండి. కానీ ఇప్పుడు సీట్లకు నంబర్లేశారు మేడం. ఎవరి నంబరు వాళ్ళ ఐడీ కార్డు మీద ఉంటుంది. ఎక్కగానే అందరూ చెవుల్లో వైర్లు పెట్టుకుంటారు."

"పోనీలే. నీ నంబరెంత?"

"నాకు నంబరు లేదండి. నేను కారులో వస్తానని ఇవ్వలేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. అతను బాబాయ్ గారి మోకాళ్ళ సంగతి చెప్పాడు, ఆపరేషన్ చేయించుకున్నారట. తర్వాత ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు మా కాలేజీ బస్సులో ఎవరూ ఇంకొకరి కోసం కర్చీఫ్ వేసి సీటు ఉంచడం లేదు.